కదిలే ఇంటికి కదలని గడియ

రాత్రి పడుకునే ముందు మనం తలుపుకు గడియ వేసి నిశ్చింతగా నిద్రపోతాం. తెల్లవారేదాకా ఆ గడియకు పెద్ద పనేమీ ఉండదు. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది కనుక తలుపూ ఉన్నచోటే ఉంటుంది. మరి ఆ ఇల్లే గంటకు 90 కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీద పరుగెత్తుతుంటే? గుంటల్లో ఎగిరిపడుతూ, మలుపుల్లో ఒరుగుతూ, ఎదురుగాలిని చీల్చుకుంటూ పోతుంటే? అప్పుడు ఆ చిన్న గడియ ఎన్ని బలాలతో పోరాడాలో ఎప్పుడైనా ఆలోచించారా?

ఇది కేవలం ఊహ కాదు. అలా పరుగెత్తే ఇళ్ళు నిజంగానే ఉన్నాయి.

మోటారు ఇల్లు

అమెరికాలో కొన్ని కుటుంబాలు సెలవులు రాగానే తమ ఇంటినే వెంట తీసుకుని బయలుదేరుతాయి. బస్సంత పొడవుండే ఆ బండిలో పడకలు, వంటపొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అన్నీ ఉంటాయి. దాన్ని మోటారు ఇల్లు అంటారు. 1966లో అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న పట్టణంలో వినెబాగో కంపెనీ ఇలాంటి బండ్ల తయారీ మొదలుపెట్టింది. ఆ తరువాత అక్కడి రోడ్ల మీద ఇవి బాగా పెరిగాయి.

మోటారు ఇంటి బయటి గోడల్లో, చక్రాల నడుమ, కొన్ని అరలు ఉంటాయి. మన దూరప్రయాణపు బస్సుల పక్క భాగంలో సామాన్లు పెట్టే అరలు మీరు చూసే ఉంటారు. ఇవీ అలాంటివే. నీళ్ళ గొట్టాలు, మడత కుర్చీలు, పనిముట్లు, బ్యాటరీలు, గ్యాస్ సిలిండరు వగైరాలన్నీ ఆ అరల్లోనే ఉంటాయి. ఒక్కో అరకు పలుచని రేకుతో చేసిన తలుపు, దానికి ఒక చిన్న గడియ ఉంటాయి. బండి పోతుండగా ఆ గడియ ఊడిందనుకోండి. తలుపు రెక్కలా పైకి లేస్తుంది. పక్కన పోయే బండికి తగులుతుంది. లోపలి పనిముట్ల పెట్టె జారి, వెనుక వచ్చే మోటారు సైకిలు ముందు పడుతుంది. రెండు వేళ్ళ వెడల్పు గడియ మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడవచ్చునన్నమాట.

అందుకే చాలామంది తమ మోటారు ఇంటి అర తలుపులకు అదనంగా గట్టి గడియలు బిగించుకుంటారు. ఎలాంటి గడియ, ఎక్కడ, ఎలా బిగించాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు శత్రువులెవరో తెలుసుకోవాలి.

గడియకు నలుగురు శత్రువులు

మొదటి శత్రువు కంపనం. ఇంజను, రోడ్డు కలిసి బండిని ఎప్పుడూ వణికిస్తూనే ఉంటాయి. గట్టిగా బిగించిన నట్టు కూడా ఈ వణుకుకు కొంచెం కొంచెంగా వదులవుతుంది. బోల్టు పొడవు వెంట కలిగే కదలిక కన్నా, దానికి అడ్డంగా అటూ ఇటూ కలిగే కదలికే నట్టును త్వరగా వదులు చేస్తుందని 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ప్రయోగాలతో చూపాడు. అలా అడ్డంగా జారిన ప్రతిసారీ మరల మధ్య ఘర్షణ ఒక్క క్షణం పట్టు వదులుతుంది. ఆ క్షణంలో నట్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. వేలసార్లు అలా జరిగితే ఊడి పడుతుంది.

రెండవ శత్రువు జడత్వం. బస్సు కుడివైపు తిరిగితే మీరు ఎడమవైపు ఒరుగుతారు కదా? అరలోని సామానూ అంతే. 40 కిలోల పెట్టె ఒకటి అరలో ఉందనుకుందాం. బండి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున, 75 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరుగుతోంది. వేగాన్ని వేగంతోనే గుణించి వ్యాసార్ధంతో భాగించండి. 225ను 75తో భాగిస్తే 3 వస్తుంది. అంటే త్వరణం సెకనుకు సెకనుకు 3 మీటర్లు. ఆ పెట్టెను మలుపులో బండితోపాటు తిప్పాలంటే 120 న్యూటన్ల బలం కావాలి. అది దాదాపు 12 కిలోల బరువుకు సమానం. అర నేల నున్నగా ఉంటే ఘర్షణ అంత బలం ఇవ్వలేదు. పెట్టె జారి తలుపును ఢీకొంటుంది. ఇక మిగిలిన బలం తలుపు, తలుపు ద్వారా గడియ ఇవ్వవలసి వస్తుంది.

మూడవ శత్రువు గాలి. వేగంగా పోయే బండి ముందు మూలల వద్ద గాలి పక్కలకు తిరిగి మరింత వేగంగా సాగుతుంది. వేగం పెరిగినచోట గాలి పీడనం తగ్గుతుంది. అర లోపలి గాలి మాత్రం నిశ్చలంగా ఉంటుంది. కనుక లోపలి పీడనం తలుపును బయటికి తోస్తుంది. పెద్ద లారీ ఎదురుగా దూసుకుపోయినప్పుడు బస్సు అద్దాలు దడదడలాడటం మీకు తెలిసిందే. ఇక్కడ ఒక ముఖ్యమైన సూత్రం ఉంది. వేగం రెట్టింపైతే గాలి బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఊళ్ళో గంటకు 45 కిలోమీటర్ల వేగంలో చక్కగా నిలిచిన తలుపు, పెద్ద రోడ్డు మీద 90 కిలోమీటర్ల వేగంలో ఎందుకు తెరుచుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా!

నాలుగవ శత్రువు బండి ఒళ్ళు మెలిపడటం. దీన్ని చూడటానికి ఒక ఖాళీ అగ్గిపెట్టె చాలు. లోపలి సొరుగు తీసేసి, పై డొల్లను ఒక మూల మీద వేలితో నొక్కండి. నలుచదరంగా ఉన్న ద్వారం ఒక పక్కకు వాలిపోతుంది. ఒక చక్రం గుంటలో పడినప్పుడు మోటారు ఇంటి అర ద్వారానికి జరిగేదీ ఇదే. మార్పు కొద్ది మిల్లీమీటర్లే కావచ్చు. కాని గడియ నాలుక చట్రాన్ని పట్టుకున్నది కూడా కొద్ది మిల్లీమీటర్లే అయితే, అది జారిపోవడానికి అంత చాలు.

గడియ ఎక్కడ ఉండాలి?

అర తలుపుకు సాధారణంగా పై అంచున కీళ్ళు ఉంటాయి. గడియ కింది అంచున ఉంటుంది. ఎందుకలా? తులాదండం పాఠం గుర్తు తెచ్చుకోండి. లోపలి నుంచి తలుపు మీద 20 కిలోల బరువుకు సమానమైన బలం పరుచుకుని పడుతోందనుకుందాం. ఆ బలమంతా తలుపు నడుమ పడినట్టే లెక్క. కీలు నుంచి నడుముకు ఉన్న దూరం కన్నా కింది అంచుకు ఉన్న దూరం రెట్టింపు. కనుక కింది అంచున ఉన్న గడియ 10 కిలోల బలంతో పట్టుకుంటే చాలు. మిగతా 10 కిలోలు కీళ్ళు మోస్తాయి. అదే గడియ తలుపు నడుమ ఉంటే 20 కిలోలూ అదే మోయాలి.

అయితే కింది అంచు మధ్యలో ఒకే గడియ ఉంటే ఇంకొక చిక్కు ఉంది. పలుచని రేకు తలుపు మధ్యలో నిలిచినా, రెండు మూలలూ బయటికి వంగుతాయి. ఆ సందులోంచి గాలి, దుమ్ము, వాననీరు దూరతాయి. మూలలు కొట్టుకుంటున్న కొద్దీ మధ్య గడియ వదులవుతుంది. కనుక రెండు మూలలకు దగ్గరగా ఒక్కొక్క గడియ బిగించడం మేలు. ఒక్కొక్కదానికి 5 కిలోల భారమే పడుతుంది. ఒకటి విరిగినా రెండవది తలుపును ఆపుతుంది. ప్రాణాలతో ముడిపడిన ఏ యంత్రంలోనైనా ఇంజినీర్లు పాటించే నియమం ఇది.

గడియల్లో రకాలు

మోటారు ఇంటి అరలకు తయారీలోనే అమర్చే గడియ చాలా సరళమైనది. తాళంచెవి తిప్పితే, దాని వెనుక ఉన్న చిన్న ఇనుప నాలుక పావు చుట్టు తిరిగి చట్రం వెనక్కి పోతుంది. ఇది తలుపును ఆపుతుందే కాని దగ్గరికి లాగదు. నాలుక అరిగినా, వంగినా, దాన్ని పట్టుకున్న మర వదులైనా తలుపు గలగలలాడుతుంది.

రెండవ రకంలో ఏటవాలు నాలుక, దాని వెనుక ఒక స్ప్రింగు ఉంటాయి. తలుపును తోస్తే నాలుక లోపలికి పోయి, మళ్ళీ బయటికి వచ్చి పట్టుకుంటుంది. మూయడం తేలిక. కాని పిడి పట్టు దుమ్ముతో బిగుసుకుంటే నాలుక సగమే బయటికి వస్తుంది. చూసేవారికి తలుపు మూసినట్టే కనిపిస్తుంది.

మూడవ రకం తలుపును పట్టుకోవడమే కాక లోపలికి లాగుతుంది. తలుపు అంచున ఉన్న రబ్బరు పట్టీని నొక్కి ఉంచుతుంది. నొక్కుడుపడిన రబ్బరు స్ప్రింగులా తిరిగి తోస్తూ ఉంటుంది. కనుక సందు ఉండదు, గలగల ఉండదు, వణుకు తగ్గుతుంది. అదనంగా బిగించడానికి ఇలాంటిదే మంచిది.

ఈ మూడవ రకంలో మరీ తెలివైనది ఒకటుంది. మీ సూట్‌కేసుకో, టిఫిను డబ్బా పక్కనో ఉండే క్లిప్పును జాగ్రత్తగా చూడండి. కొక్కెం తగిలించి పిడిని కిందికి నొక్కుతుంటే మొదట అది ఎదురు తిరుగుతుంది. ఒక హద్దు దాటగానే ‘టక్’మని తనంత తానే పడిపోతుంది. ఏమిటా హద్దు? కొక్కెం లాగే గీత, పిడి తిరిగే ఇరుసుకు ఒక పక్కన ఉన్నంతసేపూ ఆ లాగుడు పిడిని పైకి లేపుతుంది. గీత ఇరుసును దాటి రెండవ పక్కకు పోగానే, అదే లాగుడు పిడిని కిందికి నొక్కుతుంది. ఇప్పుడు తలుపును ఎంత గట్టిగా బయటికి తోస్తే పిడి అంత గట్టిగా మూసుకుంటుంది. శత్రువు బలాన్నే తన బలంగా మార్చుకునే గడియ ఇది!

అయితే పిడి ఆ హద్దును పూర్తిగా దాటకపోతే? కథ తలకిందులవుతుంది. తోసే బలమే గడియను తెరుస్తుంది. ఈ ఒక్క మాట ఎంత ముఖ్యమో చెప్పడానికి నేల మీద నుంచి ఆకాశానికి వెళదాం.

ఆకాశంలో తెరుచుకున్న తలుపు

ముందుగా ఒక గోళీసోడా తీసుకోండి. దాని మూతి మూసేది ఏ గడియా కాదు. లోపలి గ్యాసే గోళీని రబ్బరు వలయానికి అదిమి పట్టుకుంటుంది. గ్యాసు పీడనం పెరిగితే మూత ఇంకా బిగుస్తుంది. ఈ సీసాను 1870ల తొలి ఏళ్ళలో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు కనిపెట్టాడు. చాలా విమానాల్లో ప్రయాణికుల తలుపులు ఇదే సూత్రం మీద పని చేస్తాయి. తలుపు తన ద్వారం కన్నా పెద్దదిగా ఉండి, లోపలి గాలి పీడనంతో చట్రానికి అదుముకుని ఉంటుంది.

కాని సామాన్ల అర తలుపు లోపలికి తెరుచుకుంటే చోటు వృథా అవుతుంది. అందుకని డీసీ-10 అనే పెద్ద విమానంలో ఆ తలుపును బయటికి తెరుచుకునేట్టు చేశారు. అంటే భారమంతా గడియల మీదే. ఒక లెక్క వేయండి. ఒక చదరపు మీటరులో 10,000 చదరపు సెంటీమీటర్లుంటాయి. లోపలి, బయటి గాలి పీడనాల తేడా చదరపు సెంటీమీటరుకు పావు కిలో అనుకున్నా, ఒక చదరపు మీటరు తలుపు మీద 2,500 కిలోల బలం పడుతుంది.

ఆ గడియలు మనం పైన చెప్పుకున్న ‘హద్దు దాటే’ రకానివే. 1972 జూన్ 12న కెనడాలోని విండ్సర్ నగరం మీదుగా పోతున్న ఒక డీసీ-10 సామాన్ల తలుపు ఊడిపోయింది. గడియలు పూర్తిగా హద్దు దాటలేదు. పైలట్ నేర్పుతో విమానాన్ని డెట్రాయిట్‌లో దించాడు. అందులో ఉన్న 67 మందీ బతికారు. ఆ తరువాత గడియ పడిందో లేదో చూడటానికి తలుపుకు ఒక చిన్న కిటికీ పెట్టారు. కాని అసలు లోపం అన్ని విమానాల్లోనూ పూర్తిగా సరికాలేదు. 1974 మార్చి 3న టర్కీకి చెందిన డీసీ-10 విమానం పారిస్ నుంచి లండన్‌కు బయలుదేరింది. కొద్ది నిమిషాల్లోనే దాని వెనుక సామాన్ల తలుపు ఊడిపోయింది. కింది అరలో గాలి ఒక్కసారిగా బయటికి పోగా, పైనున్న ప్రయాణికుల గాలి బరువుకు నేల కుంగింది. విమానాన్ని నడిపే తీగలు ఆ నేల కిందుగానే ఉండేవి. అవి దెబ్బతిన్నాయి. విమానం ఎర్మెనన్‌విల్ అడవిలో కూలి 346 మంది మరణించారు.

ఆ తలుపు పిడి బయటి నుంచి చూస్తే సరిగ్గానే మూసి ఉంది. లోపల గడియలు పడలేదు. తలుపు మీద హెచ్చరిక ఇంగ్లీషులో, టర్కిష్ భాషలో రాసి ఉంది. ఆ రోజు తలుపు మూసిన పనివాడు ఆ భాషలు చదవలేడు. అయినా తప్పు అతనిది కాదు. గడియ పడకుండా పిడి మూసుకోగలిగేట్టు ఉండటమే ఆ తలుపులోని లోపం. ఆ ప్రమాదం తరువాత ఆ గడియల అమరికను మార్చారు. మూసినట్టు కనబడటం వేరు, మూసుకోవడం వేరు అన్న సంగతి ఇంజినీర్లు నేర్చుకున్నారు. దానికి చెల్లించిన వెల మాత్రం చాలా పెద్దది.

కొత్త గడియ బిగించేటప్పుడు

ఇక మన మోటారు ఇంటికి తిరిగి వద్దాం. ఇది పెద్దవాళ్ళు చేసే పని. కాని పద్ధతి తెలిస్తే మీరూ పక్కన నిలబడి సాయపడవచ్చు.

ముందు కీళ్ళను పరీక్షించాలి. కీలు వదులై తలుపు కుంగితే, ఎన్ని గడియలు పెట్టినా ప్రయోజనం లేదు. తరువాత తలుపు మూసి, అంచు వెంట అక్కడక్కడ కాగితపు ముక్కలు ఇరికించి లాగి చూడాలి. కాగితం తేలికగా జారి వచ్చినచోట రబ్బరు నొక్కుడు పడటం లేదన్నమాట. గడియ అవసరం అక్కడే.

గుర్తు పెట్టి, రంధ్రం వేసేముందు వెనుక ఏముందో చూడాలి. విద్యుత్ తీగలు, గ్యాసు గొట్టాలు అక్కడ ఉండవచ్చు.

పలుచని రేకులోకి మామూలు మరమేకు దిగేస్తే చాలదు. దాని మరలు రేకులో ఒకటి రెండు చుట్లే పట్టుకుంటాయి. గట్టిగా లాగితే రేకు చిరిగి ఊడుతుంది. అందుకని బోల్టును రేకు గుండా అవతలికి పంపి, వెనుక అరచేతి వెడల్పు లోహపు పలక పెట్టి నట్టు బిగించాలి. లాగే బలం పలకంతా పరుచుకుంటుంది కనుక ఒక్కచోటే భారం పడదు. కంపనానికి వదలకుండా లోపల నైలాను వలయం ఉన్న నట్టు వాడాలి. నైలాను బోల్టు మరలను ఎప్పుడూ ఒత్తి పట్టుకుని ఉంటుంది.

అల్యూమినియం తలుపుకు నేరుగా ఇనుప గడియ తగిలిస్తే ఇంకొక ప్రమాదం. రెండు వేర్వేరు లోహాలు తడిసినప్పుడు ఒక చిన్న బ్యాటరీలా పని చేస్తాయి. అందులో అల్యూమినియం క్రమంగా తరిగిపోతుంది. కనుక రెంటి మధ్య పలుచని రబ్బరు వాషరు ఉంచాలి. రంధ్రం చుట్టూ నీరు దూరకుండా మైనం వంటి పూత పెట్టాలి. లేకపోతే గోడ లోపలి కర్ర కుళ్ళిపోతుంది.

చివరగా, గడియ పడితే తప్ప పిడి పూర్తిగా వాలని రకం ఎంచుకోవాలి. పిడి కింద తలుపు మీద ఎర్రరంగు చుక్క పెడితే ఇంకా మంచిది. ఎరుపు కనిపిస్తే గడియ పడలేదన్నమాట. ఏ భాష రానివాడికైనా ఇది అర్థమవుతుంది.

తాళం సంగతి

గడియ తలుపును గాలి నుంచి, కుదుపు నుంచి కాపాడుతుంది. తాళం దొంగ నుంచి కాపాడుతుంది. రెండూ ఒకటి కాదు. గ్యాసు సిలిండరు అరకు గట్టి గడియ ఉండాలి కాని తాళం ఉండకూడదు. మంటలు లేచినప్పుడు ఎవరైనా వెంటనే తెరిచి గ్యాసు కట్టేయగలగాలి. గ్యాసు కారితే బయటికి పోవడానికి పెట్టిన రంధ్రాలను కూడా మూయకూడదు.

మిగతా అరల తాళాల్లో ఒక వింత ఉంది. అమెరికాలో ఏళ్ళ తరబడి ఎన్నో కంపెనీల మోటారు ఇళ్ళ అరలకు ‘సీహెచ్ 751’ అనే ఒకే రకం తాళంచెవి పని చేస్తూ వచ్చింది. ఒకరి చెవి మరొకరి అరను తెరుస్తుంది! ఇలాంటి తాళంలో చిన్న రేకులు వరుసగా ఉంటాయి. సరైన చెవి దూరితేనే అన్నీ సరైన ఎత్తుకు వచ్చి తాళం తిరుగుతుంది. ఐదు రేకులుండి, ఒక్కొక్కటి నాలుగు ఎత్తుల్లో ఏదో ఒకదాన ఉండవచ్చుననుకోండి. నాలుగును ఐదుసార్లు వేసి గుణిస్తే 1,024 రకాల చెవులు చేయవచ్చు. అన్ని వీలున్నా ఒకే చెవి వాడితే తాళం ఉండీ లేనట్టే. కనుక కొత్త గడియతో పాటు కొత్త చెవి ఉన్న తాళం పెట్టుకోవాలి.

మీరే చేసి చూడండి

చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకోండి. దాని పొడవాటి పక్కన మూడు వైపులా కోసి, పై అంచు వదిలేయండి. అది పైకి లేచే తలుపు అవుతుంది. లోపల పది గోళీలు వేయండి. తలుపు కింది అంచు మధ్యలో ఒక బట్టల క్లిప్పు పెట్టి, పెట్టెను పక్కలకు ఊపండి. మూలలు ఎలా తెరుచుకుంటున్నాయో, గోళీలు ఎక్కడి నుంచి జారుతున్నాయో చూడండి. తరువాత అవే గోళీలతో, రెండు మూలలా రెండు క్లిప్పులు పెట్టి అదే వేగంతో ఊపండి. చివరకు క్లిప్పును కింది అంచున కాక, పక్క అంచు మీద కీలుకు దగ్గరగా పెట్టి ఊపండి. మూడుసార్లూ ఎన్ని గోళీలు బయటపడ్డాయో పట్టిక వేయండి.

ఈసారి బస్సెక్కేటప్పుడు సామాన్ల అర తలుపును ఒకసారి చూడండి. గడియలు ఎన్ని? ఎక్కడున్నాయి? అవి పడ్డాయో లేదో బయటి నుంచి తెలుస్తుందా? లారీ వెనుక తలుపుకు ఇనుప చీలతో పాటు గొలుసు కూడా ఎందుకు వేస్తారో ఆలోచించండి. సగం పడిన గడియ కనిపిస్తే డ్రైవరుకో కండక్టరుకో వెంటనే చెప్పండి. వెనుక వచ్చే సైకిలువాడికి మీరు ఎంత మేలు చేశారో అతనికి తెలియదు. మీకు మాత్రం తెలుస్తుంది.